హెరాల్డ్ క్రాస్ జాయింట్లు మార్చేటప్పుడు: నిప్పిల్ ఉన్నవా, సీల్డ్‌వా, రబ్బరు రోటోఫ్లెక్సా?

మొదటి గేరు వేసి క్లచ్ వదిలేటప్పుడు వెనక నుంచి "టక్" అని ఒక్క దెబ్బ. రివర్స్‌లో మళ్లీ ఇంకోటి. మా నాన్నగారు కొన్న స్టాండర్డ్ హెరాల్డ్‌లో ఈ శబ్దం మొదలైనప్పుడు మెకానిక్ వినగానే హౌసింగ్ (బలాన్ని రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) పళ్లు పోయాయన్నాడు. హౌసింగ్ దింపక ముందు కారు కింద పడుకుని, దాని నుంచి చక్రానికి వెళ్లే హాఫ్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పి చూస్తే, ఎడమవైపు క్రాస్ (షాఫ్ట్ వంగుతూనే తిరిగేలా చేసే ప్లస్ ఆకారపు ఉక్కు ముక్క) తన కప్పుల్లోనే వదులుగా కదులుతోంది. కప్పు అంచు చుట్టూ ఎర్రటి పొడి కూడా ఉంది. లోపలి సూది బేరింగులు గ్రీజు లేక తుప్పు పట్టి అరిగితే బయటికొచ్చే పొడి అది.

శబ్దం ఎక్కడిదో తెలిసింది కానీ, ఏ రకం జాయింట్ వేయాలన్నది తేల్చుకోవడానికి నాకు వారం పట్టింది. ఆ సమయంలోనే ఇంగ్లండ్‌లో ఉండే మా బావమరిది తన ట్రయంఫ్ విటెస్ మార్క్ 2కి ఇదే పని మొదలుపెట్టాడు. రెండు కార్లదీ ఒకే కుటుంబం, ఒకే తరహా చాసిస్. అయినా ఇద్దరం వేర్వేరు జాయింట్లు ఎంచుకున్నాం. ఎందుకలా అయిందో చెబితే మీ కారుకు ఏది సరిపోతుందో తేల్చుకోవడం సులువవుతుంది.

ముందు హెరాల్డ్ సంగతి

ట్రయంఫ్ హెరాల్డ్ 1959లో బ్రిటన్‌లో వచ్చింది. బాడీ గీసింది ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలోట్టి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా దాన్నే స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేసింది. మన దగ్గర చివరిదాకా 948 సీసీ ఇంజనే. స్పిట్‌ఫైర్, విటెస్, జీటీ6 అన్నీ ఈ చాసిస్ నుంచి పుట్టినవే.

హెరాల్డ్‌లో నాలుగు క్రాస్ జాయింట్లు ఉంటాయి. గేరుబాక్సు నుంచి హౌసింగ్‌కు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు ముందొకటి, వెనకొకటి. హౌసింగ్ నుంచి ఒక్కో చక్రానికి వెళ్లే హాఫ్ షాఫ్ట్ లోపలి చివర ఒక్కొక్కటి. చూడటానికి నాలుగూ ఒకే వస్తువులా ఉంటాయి. చేసే పని మాత్రం ఒకటి కాదు, ఎంపిక అంతా ఈ తేడా మీదే నిలబడి ఉంది.

ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ ఇంజన్ బలాన్ని తిప్పి పంపుతుంది, అంతే. హాఫ్ షాఫ్ట్ జాయింట్ అది చేస్తూనే చక్రాన్ని పక్కకు జరగకుండా పట్టుకుని కూడా ఉండాలి. హెరాల్డ్ వెనక సస్పెన్షన్ స్వింగ్ యాక్సిల్ పద్ధతి. పైన అడ్డంగా ఒక కమాను (పట్టీల స్ప్రింగు), ముందువైపు ఒక రేడియస్ రాడ్డు, కింద ఇంకే చెయ్యీ ఉండదు. కారు మలుపు తిరిగేటప్పుడు చక్రం మీద పడే పక్క తోపుడు హాఫ్ షాఫ్ట్ గుండా వచ్చి ఆ చిన్న క్రాస్ మీదే పడుతుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ విరిగితే కారు ఆగిపోతుంది, షాఫ్ట్ కిందపడి నేలకు కొట్టుకుంటుంది. అదీ ప్రమాదమే. హాఫ్ షాఫ్ట్ క్రాస్ విరిగితే మాత్రం చక్రాన్ని పట్టి ఉంచేదే ఉండదు. అందుకే నాలుగింటికీ ఒకే రకం కొనేసి పని ముగించకండి.

జాగ్వార్ ఈ-టైప్ ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. దాని వెనక సస్పెన్షన్‌లో డ్రైవ్ షాఫ్ట్ పై చెయ్యిగా కూడా పనిచేస్తుంది కాబట్టి అక్కడి జాయింట్ల మీదా పక్క బరువు పడుతుంది.

నిప్పిల్ ఉన్నదా, సీల్డా?

క్రాస్ జాయింట్‌లో ప్లస్ గుర్తు ఆకారంలో ఉక్కు క్రాస్, దాని నాలుగు కాళ్లకు నాలుగు కప్పులు, ఒక్కో కప్పులో సన్నని సూది బేరింగులు, కప్పును యోక్‌లో (షాఫ్ట్ చివర రెండు చెవులున్న భాగం) పట్టి ఉంచే సర్క్లిప్ ఉంటాయి. దుకాణంలో ఇవి రెండు రకాలు దొరుకుతాయి. ఒకదాని నడిమికి గ్రీజు నిప్పిల్ (గ్రీజు గన్ తగిలించే చిన్న మూతి) ఉంటుంది. రెండోదానిలో ఫ్యాక్టరీలోనే గ్రీజు నింపి సీల్ చేస్తారు.

నిప్పిల్ ఉన్నదే మంచిదని మనవాళ్లలో చాలామంది నమ్మకం. అంబాసిడర్ల కాలం నుంచి వచ్చిన అలవాటది. గ్రీజు గన్‌తో నాలుగు పంపులు కొడితే బండికి సేవ చేసినట్టు మనసుకు తృప్తిగా ఉంటుంది. ఆ నమ్మకంలో నిజం ఉంది. కొత్త గ్రీజు లోపలికి పోతే పాత గ్రీజుతో పాటు నీళ్లు, దుమ్ము బయటికి వస్తాయి. వానల్లో నీళ్లు నిలిచే రోడ్లలో తిరిగే బండికి ఇది పెద్ద లాభం.

దానికి చెల్లించే మూల్యం క్రాస్ మధ్యలోని రంధ్రం. నిప్పిల్ బిగించాలంటే క్రాస్ నడిమిని తొలచాలి. బలం ఎక్కువగా పడేది అక్కడే, పగులు మొదలయ్యేదీ ఆ రంధ్రం అంచు నుంచే. నడిమి గట్టిగా వదిలేసిన సీల్డ్ క్రాస్ అదే సైజులో ఎక్కువ బరువు మోస్తుంది.

నా అభిప్రాయం ఇది. హాఫ్ షాఫ్ట్‌లకు నడిమి తొలచని సీల్డ్ క్రాస్ వేయండి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు, క్రమం తప్పకుండా గ్రీజు కొట్టే అలవాటు మీకుంటే, నిప్పిల్ ఉన్నది వేయండి. ఆ అలవాటు లేకపోతే అక్కడా సీల్డే నయం. నిప్పిల్ ఉండీ ఏళ్ల తరబడి గ్రీజు చూడని జాయింట్‌లో బలహీనత ఒక్కటే మిగులుతుంది, లాభం ఏమీ ఉండదు.

నిప్పిల్ ఉన్నది ఎంచుకుంటే రెండు విషయాలు గుర్తుంచుకోండి. కారు ముందుకు లాగేటప్పుడు క్రాస్‌లో ఒక మూల నొక్కుకుంటుంది, దాని పక్క మూల సాగుతుంది. నిప్పిల్ నొక్కుకునే మూలలో ఉండాలి. సాగే మూలలో రంధ్రం ఉంటే పగులుకు మీరే దారి ఇచ్చినట్టు. షాఫ్ట్ ఏ వైపు తిరుగుతుందో చూసి, ముందుకు తోసే యోక్ చెవికీ, తోపించుకునే యోక్ చెవికీ మధ్య ఇరుక్కునే మూలలోకి నిప్పిల్‌ను తిప్పి కూర్చోబెట్టాలి. రెండోది, జాయింట్ బిగించిన తర్వాత గ్రీజు గన్ మూతి అక్కడికి చేరుతుందో లేదో కారు కింద కూర్చుని ముందే చూసుకోవాలి. చేరని చోట నిప్పిల్ ఉండి ఏం లాభం?

గ్రీజు కొట్టేటప్పుడు నాలుగు సీల్స్ దగ్గరా కొత్త గ్రీజు తొంగిచూడాలి. మూడింట వచ్చి నాలుగోదాన రాలేదంటే ఆ కప్పు ఎండిపోతోందని అర్థం. ఆ కాలును పైకీ కిందికీ తిప్పుతూ మళ్లీ కొట్టి చూడండి. నేను 5,000 కిలోమీటర్లకు ఒకసారి, పెద్ద వానలో నీళ్లల్లోంచి వెళ్తే ఆ వారంలోనే కొడతాను. ఎక్స్‌ట్రీమ్ ప్రెషర్ రకం లిథియం గ్రీజు, 2వ నంబరుది చాలు.

సీల్డ్ క్రాస్ కొన్నా పెట్టెలోంచి తీసి నేరుగా బిగించకండి. కప్పులు మెల్లగా లాగి లోపల చూడండి. కొన్నింటిలో సూదులు కదలకుండా పట్టి ఉంచేంత గ్రీజే ఉంటుంది. కొద్దిగా కలపండి, కప్పు నిండా మాత్రం కుక్కొద్దు. నిండితే గ్రీజు లోపలే ఇరుక్కుని కప్పు చివరిదాకా దిగదు.

ఇక్కడ సంబంధం లేనిదే అయినా ఒక మాట చెప్పాలి. చేతిలో గ్రీజు గన్ ఉంది కదా అని ముందు చక్రాల కింది ట్రనియన్‌లకు (చక్రాన్ని మోసే నిలువు స్తంభం తిరిగే కింది మర కీళ్లు) గ్రీజు కొట్టకండి. ట్రయంఫ్ అక్కడ ఈపీ 90 గేర్ ఆయిల్ వేయమంది. గ్రీజు మర దాకా పోదు, అది ఎండిపోయి ఆ స్తంభం విరిగిన కార్లు ఉన్నాయి.

క్రాస్ ఒక్కటా, షాఫ్ట్ మొత్తమా?

ఇది క్రాస్‌ను బట్టి తేలేది కాదు, యోక్ చెప్పాలి. పాత కప్పులు తీశాక యోక్ రంధ్రాలు శుభ్రంగా తుడిచి కొత్త కప్పును వేలితో నెట్టి చూడండి. అది వేలికి లొంగకూడదు. వైస్‌లో బిగించి నొక్కితేనే దిగాలి. వేలితోనే జారిపోతే యోక్ పని అయిపోయినట్టే. అప్పుడు ఎంత మంచి క్రాస్ వేసినా కప్పు యోక్‌లోనే తిరుగుతుంది.

ఆ పరిస్థితిలో మన లేత్ షాపుల్లో పంచ్‌తో అంచులు కొట్టి బిగువు చేస్తామనో, వెల్డింగ్ చేసి మళ్లీ బోరు కొడతామనో అంటారు. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కైనా సరే పంచ్ పని వద్దు. హాఫ్ షాఫ్ట్‌కు ఈ రెండూ వద్దు. దాని మీదే చక్రం నిలబడి ఉంది.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు పని సులభం. పాతది ఇచ్చి బాగుచేసిన షాఫ్ట్ తెచ్చుకోవచ్చు, కొత్తదీ కొనొచ్చు. మన దగ్గర ప్రొపెల్లర్ షాఫ్ట్ వరకు ఇబ్బంది లేదు. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోనో లారీల షాఫ్ట్‌లు చేసేవాళ్ల దగ్గర కొత్త యోక్ వేయించి బ్యాలెన్స్ చేయించుకోవచ్చు. హెరాల్డ్ హాఫ్ షాఫ్ట్ దొరకడమే కష్టం. గెజెల్ నుంచి తెచ్చుకోవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. 1972లో వచ్చిన స్టాండర్డ్ గెజెల్‌కు వెనక మామూలు గట్టి యాక్సిల్ పెట్టారు, అందులో ఈ జాయింటే లేదు. పాత హెరాల్డ్ విప్పుతున్నారని తెలిస్తే రెండు హాఫ్ షాఫ్ట్‌లు తీసి దాచుకోవడమే తెలివైన పని. యోక్ రంధ్రాలు చూశాకే డబ్బు ఇవ్వండి.

క్రాస్ కొనేటప్పుడు కారు పేరు చెప్పి ఊరుకోవద్దు. పాత క్రాస్ వెంట తీసుకెళ్లండి. వెర్నియర్‌తో కప్పు బయటి వ్యాసం, ఎదురెదురు కప్పుల మీద కొలిచిన మొత్తం పొడవు, ఈ రెండు కొలతలూ కలవాలి. "కాస్త తేడా ఉన్నా సెట్ అయిపోతుంది సార్" అంటే ఆ దుకాణం నుంచి బయటికి వచ్చేయండి. క్రాస్ నడిమికి రాకుండా పక్కకు కూర్చుంటే షాఫ్ట్ బ్యాలెన్స్ పోతుంది. వేగం 60 దాటాక సీటు కింద వణుకు మొదలవుతుంది, మీరేమో టైర్లను అనుమానిస్తారు.

రబ్బరు డోనట్ సంగతి

ఇక మా బావమరిది విటెస్. స్వింగ్ యాక్సిల్ కార్లు వేగంగా మలుపు తిరుగుతూ ఒక్కసారి యాక్సిలరేటర్ వదిలితే వెనక చక్రం లోపలికి మడుచుకునేది. ఆరు సిలిండర్ల ఇంజన్ వచ్చేసరికి ఆ భయం పెరిగింది. 1968లో విటెస్ మార్క్ 2, జీటీ6 మార్క్ 2లకు ట్రయంఫ్ కంపెనీ కిందివైపు విష్‌బోన్ (చక్రాన్ని పట్టుకునే V ఆకారపు చెయ్యి) పెట్టింది. హాఫ్ షాఫ్ట్ లోపలి చివర క్రాస్ అలాగే ఉంచి, బయటి చివర రోటోఫ్లెక్స్ అనే రబ్బరు కప్లింగ్ వేసింది. ఆరు బోల్టులుండే లావుపాటి రబ్బరు చక్రం అది. అక్కడివాళ్లు డోనట్ అంటారు. లోటస్ ఎలాన్‌లో ఇవి ఒక్కో వైపు రెండేసి, మొత్తం నాలుగు ఉంటాయి. హిల్‌మన్ ఇంప్‌లోనూ ఉన్నాయి.

ఈ కార్లలో చక్రాన్ని పక్కకు జరగకుండా పట్టుకునేవి కమానూ, కింద విష్‌బోనూ. రబ్బరు బలాన్ని పంపుతుంది, కోణాన్నీ పొడవులో వచ్చే మార్పునూ భరిస్తుంది. దాని మీద బాధ్యత తక్కువ కాబట్టి ఎంపికకు వెసులుబాటు ఎక్కువ. మూడు దారులున్నాయి.

మొదటిది, కొత్త రోటోఫ్లెక్స్. చౌక, కారు అసలు రూపం మారదు, గేరు మార్చేటప్పుడు వచ్చే కుదుపును రబ్బరు మింగేస్తుంది. చిక్కంతా రబ్బరు నాణ్యతలోనే. పాత కాలపు అసలు సరుకు ఏళ్ల తరబడి నిలిచింది. ఇప్పుడు దొరికే నకళ్లలో కొన్ని చాలా త్వరగా పగులుతున్నాయి. మా బావమరిదికీ మొదటి జత అలాగే పోయింది. ఇనుప బుష్‌కూ రబ్బరుకూ మధ్య అతుకు వదిలేసింది. తొందరగా గమనించాడు కాబట్టి సరిపోయింది, పూర్తిగా తెగితే షాఫ్ట్ చివర వదులై గిరగిర కొట్టుకుంటూ పక్కనున్నవాటిని పగలగొడుతుంది. రబ్బరు అరలో ఉన్నా వయసు పెరుగుతుంది. ఎప్పటి సరుకో అడిగి కొనండి, కారుకు వేయకుండా ఏళ్లు దాచొద్దు.

రెండోది, సీవీ (కాన్‌స్టంట్ వెలాసిటీ) జాయింట్ కిట్. మన ముందు చక్రాల డ్రైవ్ కార్లన్నింటిలో ఉండేది ఇదే, గాడుల్లో ఉక్కు గోళీలతో పనిచేస్తుంది. క్రాస్ జాయింట్‌కు లేని గుణం ఒకటి దీనికుంది. క్రాస్ వంగి తిరిగేటప్పుడు అవతలి షాఫ్ట్ ఒక్కో చుట్టుకు రెండుసార్లు ముందుకు ఉరికి, రెండుసార్లు వెనకబడుతుంది. వంపు 10 డిగ్రీలుంటే ఆ తేడా 1.5 శాతం, 20 డిగ్రీలైతే 6 శాతం పైనే. సీవీ జాయింట్‌లో ఆ హెచ్చుతగ్గు ఉండదు. రబ్బరు ముడిపడి విడిపోవడం వల్ల వచ్చే ఊపు కూడా పోతుంది. ఎలాన్ నడిపినవాళ్లకు ఈ ఊపు బాగా తెలుసు. క్లచ్ వదిలిన తీరు కాస్త తప్పితే కారు గెంతుతూ కదులుతుంది.

కిట్ ధర ఎక్కువ. కొనేముందు అమ్మేవాళ్లను ఒక ప్రశ్న తప్పక అడగాలి: షాఫ్ట్ పొడవులో వచ్చే మార్పును మీ కిట్‌లో ఏ జాయింట్ భరిస్తుంది? ఇంతకుముందు ఆ పని రబ్బరు చేసింది. జవాబు సూటిగా రాకపోతే కొనొద్దు. బిగించాక కమాను బోల్టు కట్టకముందే చక్రాన్ని పూర్తిగా పైకీ పూర్తిగా కిందికీ కదిలించి ఎక్కడైనా పట్టేస్తోందేమో చూడాలి. ఆ తర్వాత చూస్తూ ఉండాల్సింది రబ్బరు బూటును. అది చిరిగితే గ్రీజు బయటికి, ఇసుక లోపలికి.

మూడోది, రోటోఫ్లెక్స్ మొత్తం తీసేసి తర్వాతి కాలపు స్వింగ్ స్ప్రింగ్ పద్ధతికి మారడం. 1970లో స్పిట్‌ఫైర్ మార్క్ 4కు, 1973లో జీటీ6కు ట్రయంఫే ఇది వేసింది. కమాను పట్టీల్లో ఎక్కువవాటిని నడిమిలో ఊగేలా వదిలేస్తే చక్రం మడుచుకోవడం చాలావరకు తగ్గుతుంది. విడిభాగాలు సులువుగా దొరుకుతాయి, రబ్బరు బెంగ ఉండదు. కానీ కమాను, వెనక వర్టికల్ లింకులు (చక్రం హబ్‌ను కమానుకు కలిపే నిలువు ముక్కలు), షాఫ్ట్‌లు, ముందు యాంటీ రోల్ బార్ అన్నీ కలిపి మార్చాలి, సగం మారిస్తే కారు పాడవుతుంది. పైగా విష్‌బోన్ ఉన్న మంచి సస్పెన్షన్‌ను చేతులారా తీసేయడం నాకు మనసొప్పదు. ఇదివరకే ఎవరో సగం మార్చి పాడుచేసిన కారైతే తప్ప నేను ఈ దారి చెప్పను.

"బావా, ఏడాదికి 3,000 మైళ్లు తిరుగుతాను, మళ్లీ రబ్బరే వేయనా?" అని అడిగాడు. వద్దన్నాను. ఏడాదికి నాలుగైదు వందల మైళ్లు ఎండ కాసినప్పుడు తిప్పే కారుకు మంచి రబ్బరు చాలు. ప్రతి సీజన్‌కు ముందు బోల్టుల మధ్య పగుళ్లు చూసుకుంటే సరిపోతుంది. దూరాలు తిరిగేవాళ్లకు, ఆ కారును ఇంకో ఇరవై ఏళ్లు ఉంచుకునేవాళ్లకు సీవీ కిట్ ఖర్చు దండగ కాదు. అతను సీవీ వేశాడు.

పాత మినీ ఉన్నవాళ్లకూ దాదాపు ఇదే ప్రశ్న వస్తుంది. మొదటి మినీల్లో లోపలివైపు జాయింట్ యూ-బోల్టులతో పట్టే రబ్బరు కప్లింగ్. ఇంజన్ ఆయిల్ కారి దాన్ని మెత్తబరుస్తుంది. అక్కడ ముందు ఆయిల్ లీకు కట్టండి, తర్వాతే కప్లింగ్ కొనండి.

బిగించేటప్పుడు

హాఫ్ షాఫ్ట్ క్రాస్ మార్చడానికి చక్రం హబ్ ఊడదీయక్కర్లేదు. టేపర్ మీద బిగిసిన ఆ హబ్ తీయడానికి ప్రత్యేకమైన పుల్లర్ కావాలి, సుత్తితో కొడితే షాఫ్ట్ వంగుతుంది. బ్రేకు పైపు విప్పి, లోపల ఫ్లాంజి (షాఫ్ట్ చివర బోల్టులు బిగించే పళ్లెం) బోల్టులు నాలుగూ, వర్టికల్ లింకు బోల్టూ, రేడియస్ రాడ్డూ, షాక్ అబ్జార్బరూ తీసి హబ్‌తో సహా షాఫ్ట్ బయటికి తెచ్చి బెంచ్ మీద పని చేయండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పేముందు ఫ్లాంజిలు రెండింటి మీదా పెయింటు గీత పెట్టండి. మళ్లీ అదే స్థానంలో కలపాలి. జారే స్ప్లైన్ ఉన్న షాఫ్ట్ అయితే రెండు చివర్ల యోక్‌లూ ఒకే వరసలో ఉండాలి. అప్పుడే ఒక జాయింట్ చేసే హెచ్చుతగ్గును రెండోది సరిచేస్తుంది.

కప్పులు వైస్‌లో సాకెట్లు అడ్డం పెట్టి నొక్కండి. సుత్తి వాడితే యోక్ చెవులు వంగుతాయి. కప్పు చివర్లో దిగకపోయినా, సర్క్లిప్ గాడిలో కూర్చోకపోయినా బలం పెంచకండి. నూటికి తొంభైసార్లు లోపల ఒక సూది పడిపోయి అడుగున అడ్డంగా ఉంటుంది. కప్పు తీసి, సూదిని గ్రీజుతో గోడకు అంటించి మళ్లీ మొదలుపెట్టండి. నేను కుడివైపు జాయింట్‌కు మూడుసార్లు తీశాను. అంతా కూర్చున్నాక యోక్ మీద మెత్తటి సుత్తితో చిన్నగా తట్టితే జాయింట్ బిగువు సడలుతుంది. అప్పుడు చేత్తో వంచితే సాఫీగా, కొద్దిపాటి బిర్రుతో కదలాలి. మధ్యలో గాటు తగిలినట్టు ఆగితే అది కారుకు ఎక్కకూడదు.

రోటోఫ్లెక్స్ కొత్తది ఉక్కు పట్టీతో నొక్కి కట్టి వస్తుంది. ఆరు బోల్టులూ బిగించాకే ఆ పట్టీ కత్తిరించాలి. ముందే కోస్తే రంధ్రాలు కలవవు. పొరపాటున కోసేస్తే పెద్ద హోస్ క్లిప్పుతో చుట్టి మళ్లీ నొక్కవచ్చు.

ఈ కార్ల బోల్టులు యూఎన్ఎఫ్ మరవి, అంగుళాల స్పానర్లే వాడండి. మిల్లీమీటర్ స్పానర్ దగ్గరగా పట్టినట్టే ఉండి మూలలు కొరికేస్తుంది. నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండేవి) ప్రతిసారీ కొత్తవి వేయండి. బ్రేకులో గాలి తీయడం మర్చిపోవద్దు.

మా హెరాల్డ్‌కు హాఫ్ షాఫ్ట్‌లలో రెండు సీల్డ్, ప్రొపెల్లర్ షాఫ్ట్‌లో రెండు నిప్పిల్‌వి వేశాను. 300 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ కింద పడుకుని ఫ్లాంజి నట్లన్నీ స్పానర్‌తో చూశాను. ఎడమవైపు ఒకటి పావు చుట్టు తిరిగింది.